పైడిరాజు పెట్టెల్లో మనుషులు పాడేవారు

మా మరిది పైడిరాజు ఇక లేడని గురువారం పొద్దున్న అతని భార్య, నా తోటికోడలు సత్యవతి ఫోన్ చేసి చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే కదా, "సుక్రారం వొచ్చీ వొదినా, రెండో పెట్టి ఇనాల" అని నాతో మాట్లాడాడు. టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయిందట. నేను కాపురానికి వచ్చేటప్పటికి పదేళ్లవాడు. నా కంటే ముందు పోవలసినవాడు కాదు. నా చదువు ఐదో తరగతి. అయినా ఈ నాలుగు మాటలు నేనే రాయాలి. విజయనగరంలో అతను బాగుచేసిన పాత స్పీకర్లు విని మురిసినవాళ్లు చాలామంది ఉన్నారు. చెవులు అతణ్ని విడిచిపోతుంటే ఆ విద్యను ఎలా నిలబెట్టుకున్నాడో దగ్గరుండి చూసినదాన్ని మాత్రం నేను.

ముప్పై రెండేళ్లు రైసు మిల్లులో మెకానిక్కుగా చేశాడు. ఆ పని పొట్ట కోసం. ప్రాణమంతా స్పీకర్ల మీదే. మొదటి జతను ఎవరిదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే తెచ్చాడు. ఆటో వెనక సీటు మీద పెట్టెలు రెండింటినీ కూర్చోబెట్టి, తను డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ దిగాడు. నడుమెత్తు టేకు పెట్టెలు, ముందు చిరిగిన గుడ్డ. కోళ్లకా పావురాలకా అని అడిగాను. "సరస్వతమ్మకి వొదినా" అన్నాడు. గుడ్డ తీసి చూస్తే, పెద్ద కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు వేలు తగలగానే పొడైపోయింది. మా ఆయన పగలబడి నవ్వాడు. పైడిరాజు మాత్రం ఆ పొడిని కూడా పొట్లం కట్టి దాచాడు.

రెండు నెలలు పట్టింది. కొత్త అంచు అతికించాడు, పాడైన కెపాసిటర్లు మార్చాడు, టేకుకి లక్క పాలిష్ పట్టించాడు. టార్చిలైటు బ్యాటరీకి తీగలు తగిలించి, రెండు కోనులూ ఒకే వైపు కదులుతున్నాయా అని చూశాడు. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతే, ఒక కాడికి కట్టిన ఎడ్లు చెరోవైపు లాగినట్టేనట. అప్పుడు మా అత్తగారి క్యాసెట్ వేశాడు. ఆవిడ ధాన్యం దంచుతూ పాడుతుంటే ఎప్పుడో టేప్ రికార్డరులో పట్టిన పాట. మేము ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం రోకటి పోటు నేలలోంచి వచ్చి అరికాళ్లకు తగిలింది. ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. చేతి గాజులు గలగలమన్నాయి. పోయి ఇరవై ఏళ్లయిన మనిషి కోసం నేను వంటింటి తలుపు వైపు చూశాను.

"పెట్టి పాడకూడదొదినా, మనిసి పాడాల" అన్నాడు పైడిరాజు. ఆ మాట తర్వాత వందసార్లు విని ఉంటాను. ఎవరి పెట్టె బాగుచేసినా ఆఖరి పరీక్ష ఆ క్యాసెట్టే. గాజులు పలికితేనే పెట్టె గడప దాటేది.

పనిలో పడితే అతనికి తన వస్తువు, ఒకరి వస్తువు అన్న భేదం ఉండేది కాదు. కోను వెనక కాయిలు అయస్కాంతానికి రాసుకోకుండా, అంచుకు పెట్టిన జిగురు ఆరేదాకా చుట్టూ సన్నటి ముక్కలు దూర్చి నిలపాలి. దానికి ఎక్స్-రే ఫిల్ము అంత మంచిది లేదట. ఒకసారి డాక్టరు నా మోకాలి పాత ఎక్స్-రే తెమ్మంటే ఇల్లంతా తిరగేశాను. పైడిరాజు తాపీగా ఒక డబ్బా తెచ్చి మూత తీశాడు. "నీ మోకాలు పద్నాలుగు ముక్కలై ఇందల ఉన్నాదొదినా. నీ దగ్గిర కన్నా నా దగ్గిరే బాగా పన్జేస్తన్నాది."

నేనూ తక్కువ తినలేదు. పెట్టెల ముందు బిగించడానికి పొందూరు ఖద్దరే కావాలనేవాడు. నోటికి అడ్డం పెట్టి ఊదితే ఊపిరి అవతలికి పోవాలి. కొట్లో అలా ఊదుతుంటే షాపువాళ్లు తెల్లబోయేవారు. ఒకసారి ఆ గుడ్డ ఉతికి పెట్టమన్నాడు. అంత మంచి గుడ్డ కదా అని చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. బిగించాడు, క్యాసెట్ వేశాడు, రెండు నిమిషాలు విని నా వైపు తిరిగాడు. "మాయమ్మకి జలుబు సేయించీసినావొదినా." గంజి సంగతి నేను నోరు విప్పకముందే పట్టేశాడు. అలాంటి చెవులు అతనివి.

ఆ చెవుల్నే మిల్లు హోరు కొంచెం కొంచెంగా తినేసింది. అతనికే తెలియలేదు. ఆరేళ్ల కిందట ఒక జత ముందు నెల రోజులు కూర్చున్నాడు. సన్నటి చప్పుళ్లు పలికే చిన్న స్పీకరు మార్చాడు, గుడ్డ ఊడదీశాడు, అయినా గాజులు పలకడం లేదని ఇంట్లో అందరి మీదా కేకలు. ఒక మధ్యాహ్నం పనసపొట్టు కూర ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. క్యాసెట్ నడుస్తోంది.

"ఏటిరా, అత్త గాజులు గల్లుమంటంటే నీకేటి బాధ?" అన్నాను.

టేపు ఆపాడు. "ఇప్పుడు మోగినాయా?"

"మోగినాయి. రెండుపాలి."

మళ్లీ వేసి, నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. గాజులు మోగినప్పుడల్లా నేను వేలెత్తాను. మూడోసారి ఎత్తేసరికి స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"అయితే పెట్టి బాగానే ఉన్నాదొదినా. పాడైంది నాను."

పది రోజులు స్పీకర్లు బాగుచేసే గది తలుపు తీయలేదు. చెవి మిషను పెట్టించారు. అది మాటలకు పనికొచ్చింది గానీ, పాట వింటే రేకు మీద వాన పడ్డట్టుందనేవాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. స్పీకర్లు మానేస్తే ఈ మనిషి మిగలడని మాకందరికీ భయం పట్టుకుంది. పదకొండో రోజు తనే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సేతులు నాయి, సెవులు నీయి. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు. వొస్తావేటి?"

వెళ్లాను. ఆరేళ్లు, ప్రతి శుక్రవారం. నా కుర్చీ ఎక్కడుండాలో నేల మీద సుద్దముక్కతో గీశాడు. అతని యంత్రభాష నాకు రాదు. నాకొచ్చిన మాటల్లోనే చెప్పేదాన్ని. అత్త కుండలో తలపెట్టి పాడుతోందంటే పెట్టెలో దూది సర్దేవాడు. పళ్ల సందుల్లోంచి ఈల వస్తోందంటే చిన్న స్పీకరు నోరు తగ్గించేవాడు. ఒకసారి పొయ్యి మీది పప్పు గుర్తొచ్చి, పరధ్యానంగా బాగుందనేశాను. నా మొహం చూసి, అబద్ధమని మళ్లీ విప్పాడు. నీకేం తెలుసని ఒక్కనాడూ అనలేదు. నా పెళ్లయి యాభై ఏళ్లు దాటింది. నా మాట మీద ఒక్క మేకు కదిలించిన మగవాణ్ని అతనొక్కణ్నే చూశాను.

ఆఖరి జత శ్రీకాకుళంలో రిటైరైన పోస్టుమాస్టరు గారిది. ఒక పెట్టె నా దగ్గర నెగ్గింది. రెండోదానికి బుధవారం అంచు అతికించాడు. శుక్రవారం రమ్మన్నది దానికే. పెద్దకర్మ అయ్యాక పోస్టుమాస్టరు గారు పలకరించడానికి వచ్చారు. పెట్టెల ఊసే ఎత్తలేదు. సత్యవతే, ఒకసారి విని తీసుకెళ్లమంది. నేను నా కుర్చీలో కూర్చున్నాను. క్యాసెట్ వేశారు. ఆయన కళ్లు తుడుచుకున్నారు. సత్యవతి ఏడ్చింది. నాకు మాత్రం కుడి పెట్టెలో, అతను ఆఖరున అంచు అతికించినదానిలో, పోటు పడినప్పుడల్లా చాటలో నూక కదిలినట్టు సన్నటి గీరు వినబడింది.

చెప్పనా మాననా అని కొట్టుమిట్టాడాను. దుఃఖంలో ఉన్న ఇంట్లో తప్పు పట్టడమేమిటి అనిపించింది. కానీ మొహమాటపడి బాగుందంటే అతను ఒప్పుకునేవాడు కాదు. చెప్పేశాను.

పోస్టుమాస్టరు గారు పెట్టెకు చెవి ఆనించి చాలాసేపు విన్నారు. "నాకు తెలియడం లేదమ్మా. మీరన్నారంటే ఉండే ఉంటుంది. ఎవరి చేత విప్పిద్దాం?"

తెలిసిన మెకానిక్కుల పేర్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాం. పనితనం ఉన్నవాళ్లే. కోను చిరగకుండా విప్పగలవాళ్లూ ఉండొచ్చు. చదువులేని ముసలిది నూక కదిలినట్టుంది నాయనా అంటే, అదేమిటని ఎదురడగకుండా స్క్రూడ్రైవరు అందుకునేవాడు ఆ పేర్లలో ఒక్కడూ కనిపించలేదు.