ఒక్క ముక్కలో చెప్పని వైకుంఠం

వైకుంఠాన్ని ఎవరైనా ఏమైనా అడగొచ్చు. జవాబు పూర్తయ్యేదాకా కూర్చునే ఓపిక ఉండాలి, అంతే. లాల్‌దర్వాజాలో ఆయన ఇత్తడి సామాన్ల దుకాణానికొచ్చి "ఈ చెంబు ఎంత?" అన్నవాళ్లు, ఆ చెంబు పుట్టుపూర్వోత్తరాలు విని, బస్సు తప్పిపోయి, చెంబు కొనకుండానే ఇంటికి పోయేవారు.

భార్య రుక్మిణమ్మ పోయాక ఇంట్లో ఆయన్ను అడిగేవాళ్లు లేరు. టీవీలో వార్తల అమ్మాయి "నమస్కారం" అంటే తిరిగి నమస్కారం పెట్టి, తన కుశలం చెప్పడం మొదలుపెట్టేవాడు. ఆమె వినకుండా వార్తల్లోకి వెళ్లిపోయేది.

అందుకే అఫ్జల్‌గంజ్ దగ్గరి బ్లడ్ బ్యాంకంటే ఆయనకు ప్రాణం. నెత్తురు తీసుకునే ముందు అక్కడ కౌన్సెలర్ అఖిల వరసపెట్టి ప్రశ్నలడుగుతుంది.

"కామెర్లు గిట్ల అయినయా, అంకుల్?"

"నాకు గాలేదమ్మా. మా మేనమామకు అయినయి. నల్గొండల పసరు పోస్తరంటే తోలుకపోయినం. ఆడ ఏమైందంటే..."

"పచ్చబొట్టు?"

"పొడిపించుకుందామనే పోయిన. సూది చూడంగనే కండ్లు తిరిగినయి. ఆ పొడిచేటాయన ఉన్నడు సూడు..."

"అవునో కాదో చెప్పండి, చాలు!"

ఒకరోజు ఆయన అక్కడ వరసలో కూర్చుని ఉండగా, వాళ్ల గల్లీ ఆటోడ్రైవర్ భిక్షపతి లోపలి గదిలోంచి పాలిపోయిన ముఖంతో బయటికొచ్చాడు. పోయినవారం నెత్తురిచ్చి వెళ్లినవాణ్ణి ఫోన్ చేసి పిలిపించారు.

"ఏమైంది బిడ్డా?"

"నేనిచ్చిన నెత్తుర్ల హెపటైటిస్ సి కనవడ్డదట, బాపు. కాలేయానికి పట్టే వైరసట. ఖాయం చేసుకునేటందుకు ఇంకో పరీక్ష చెయ్యాల్నట."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. పోయి పోయి ఎవరికి చెప్పాడు!

"గల్లీల తెలిస్తే నేను తాగిన గిలాస ఎవ్వరు ముట్టరు. ఎవ్వరికి చెప్పకు, బాపు."

"చెప్ప," అన్నాడు వైకుంఠం.

అంత పొట్టి జవాబు ఆయన నోట రావడంతో భిక్షపతికి భయం ఇంకా ఎక్కువైంది.

ఆ సాయంత్రమే పాలు కొనుక్కుని పోతున్న అదే గల్లీ నీలమ్మ వైకుంఠం దుకాణం ముందు ఆగింది. "అన్నా, మన భిక్షపతి ఏడ్సుకుంట బ్లడ్ బ్యాంకుల నుంచి వచ్చిండట. ఏందంట లొల్లి?"

పక్కనే ఆటో తుడుస్తున్న భిక్షపతి తుడవడం ఆపి అటే చెవి పెట్టాడు.

"బ్లడ్ బ్యాంకా? మంచిగ అడిగినవ్ చెల్లె!" అని వైకుంఠం అందుకున్నాడు. మేనమామ వచ్చాడు. పసరు వచ్చింది. పన్ను పీకించుకోను పోయి పెళ్లి కుదుర్చుకొచ్చిన తోడల్లుడు వచ్చాడు. ఆ పెళ్లిలో తప్పిపోయిన మేక వచ్చింది. మేక దొరికేసరికి చీకటి పడింది. నీలమ్మకు తానేమడిగిందో గుర్తులేదు. "పాలు ఇరిగిపోతయన్నా!" అని పరుగెత్తింది.

అన్ని కథల్లో భిక్షపతి పేరు ఒక్కసారీ రాలేదు. తుడిచే గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని భిక్షపతి చాలాసేపు నవ్వాడు.

రెండో పరీక్షకు తోడు పోయింది వైకుంఠమే. జబ్బు ఉందనే తేలింది. కొన్ని నెలలు మాత్రలు వాడితే నయమైంది. నెత్తురు మాత్రం ఇక ఇవ్వొద్దన్నారు.

ఇప్పుడు వైకుంఠం నెత్తురిచ్చి వచ్చే రోజున ఆటో భిక్షపతిదే. ఊళ్లో దగ్గరి దారులన్నీ తెలిసినవాడు, అఫ్జల్‌గంజ్ నుంచి లాల్‌దర్వాజాకు బహదూర్‌పురా మీదుగా చుట్టు తిప్పి తీసుకొస్తాడు. వెనక సీట్లో కథ ఇంకా సగంలోనే ఉంటుంది మరి.