జూన్ ఎండలో సారమ్మ బొబ్బరికాయలు

ఆ వేసవి రాయ్‌పూర్‌లో ఎండ ఎలా ఉండేదంటే, గుఢియారీ పేటలో కాకులు ఎగరడం మానేసి గోడల నీడన నడిచి వెళ్ళేవి. రైలు పట్టాల మీద ఆరబెట్టిన అప్పడాలు బండి వచ్చేలోపే వేగిపోయేవి. అలాంటి 1968 ఏప్రిల్‌లో సారమ్మ తన పెరట్లో బొబ్బర్లు నాటింది.

కారణం తెలుగు చర్చి పెద్ద ఐజాక్. ఆ చర్చిలో తొలిపంట దేవుడికిచ్చే ప్రథమ ఫలాల ఆరాధన జూన్ మొదటి ఆదివారం జరిగేది. రైల్వే పాసుల మీద కోస్తాలోని సొంతూళ్ళకి వెళ్ళినవాళ్ళు అప్పటికి తిరిగొస్తారు, చర్చి నిండుతుంది. ఆ ఎండలకి ఎవరి పెరట్లోనూ గడ్డిపరక మిగలదన్న సంగతి తేదీ పెట్టినవాళ్ళకి తట్టలేదు. అందుకని అందరూ బజార్లో క్యాబేజీలు కొని, కడిగి, తమ పంటే అన్నట్టు బల్ల మీద పెట్టేవారు. ఐజాక్ వాటిని వేలం వేసేవాడు.

కిందటేడు సారమ్మ లేచి అడిగేసింది.

"అన్నయ్యగారూ, కొన్నది ప్రథమ ఫలం ఎలా అవుతుంది? దేవుడికి బజారు దారి తెలీదనా?"

"అయితే నువ్వు పండించి తే, చూద్దాం. తేలేకపోతే ఇక్కడ నీ నోరు బంద్!" అన్నాడు ఐజాక్.

చర్చంతా నవ్వింది.

బొబ్బర్లకి ఎండ అడ్డం కాలేదు, మొగుడు రత్నం అడ్డమయ్యాడు. రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ రత్నం డ్యూటీ దిగగానే పాలవాడి దగ్గర పేడ తెచ్చి పాదుల్లో వేసేవాడు, పూటపూటా బకెట్లతో నీళ్ళు పోసేవాడు. తీగలు వంటింటి కప్పెక్కాయి. పక్కింటి మేక ఆ ఆకుల్లో దూరి, మూడోనాటికి లావెక్కి బయటికొచ్చింది. పూత మాత్రం లేదు.

"అరే, ఇంత పచ్చగా ఉంది కదే!" అన్నాడు రత్నం.

"ఉంది. బల్ల మీద ఆకులు పెట్టనా? ఇంత మేపితే అది కాయడమెందుకు, హాయిగా పడుకుంటుంది. ఇక పేడా నీళ్ళూ బంద్."

"నౌతపా రాబోతోంది సారా! ఆ తొమ్మిది రోజుల గాడ్పుకి మాడి చస్తుంది."

"దానికి కాస్త కోపం రావాలండీ. నాకు రాలేదూ?"

బకెట్ దాచేసి, తీగల కొసలు తుంచేసింది. ఆకులు మరీ వాడితే అంట్లు కడిగిన నీళ్ళు ఒక చెంబు, అంతే. కొద్దిరోజులకి లేత ఊదా పూలు విచ్చాయి. నౌతపా గాడ్పుల్లోనే కాయలు వేలాడాయి.

ఆదివారం క్యాబేజీల మధ్య సారమ్మ బొబ్బరికాయల కట్ట పెట్టింది. ఐజాక్ మిగతావన్నీ వేలం పాడించి, ఆ కట్టని పక్కకి నెట్టి, "ఇక ప్రార్థన చేసుకుందాం," అన్నాడు.

సారమ్మ బల్ల దగ్గరికి నడిచింది. ఆడది వేలం వెయ్యడం ఆ చర్చి అంతవరకూ చూడలేదు.

"ఆగండి అన్నయ్యగారూ. ఈ బల్ల మీద మా మట్టిలోంచి వచ్చింది ఇదొక్కటే. మొదటి పాట ఎవరిది?"

రత్నం నోరు తెరవబోతే సారమ్మ కళ్ళతోనే మూయించింది.

"నాది," అంది ఆడవాళ్ళ వరసలోంచి ఐజాక్ భార్య సుశీల. "తీగ మీద కొన్ని ఎండనియ్యి ఒదినా, విత్తనానికి."

"సుశీలా!" అన్నాడు ఐజాక్.

"మీరు కూర్చోండి. క్యాబేజీలు మోసీ మోసీ నా చెయ్యి పడిపోయింది."

మరుసటేడు మేలో ఐజాక్ బకెట్‌తో తన పెరట్లోని బొబ్బరి పాదుల దగ్గరికి వస్తుంటే, గోడ మీంచి సారమ్మ కేకేసింది.

"నీళ్ళు తగ్గించండి అన్నయ్యగారూ! ఈసారీ వేలం వేసేది నేనే. ఆకులు తెస్తే ఒప్పుకోను."