తిరుగు పాసులో అమ్మ

కాఫీ గింజలు వేగే వాసన వస్తే నాకిప్పటికీ అనంతగిరి కొండలు గుర్తొస్తాయి. ఎడతెగని దగ్గుతో చిక్కిపోయిన అమ్మకు కొండగాలి మంచిదని, నాన్న మమ్మల్ని బిలాస్‌పూర్ నుంచి రైల్వే పాసు మీద పెద్దమ్మవాళ్ల కాఫీతోటకు తీసుకెళ్లాడు. ఎర్రటి కాఫీపళ్లు చీకుతూ నాలుగు రోజులు తోటంతా తిరిగాను. తిరిగి బయల్దేరేటప్పుడు అమ్మ ఎడ్లబండి ఎక్కలేదు.

“నువ్వు రావేటమ్మా?”

“ఎనకొచ్చే రైలుకి వచ్చేస్తాన్లే. నువ్వెల్లు, తల్లీ.”

నేను ఏడవలేదు. పాసులో తిరుగు ప్రయాణానికీ అమ్మ పేరుంది. రైల్వేవాళ్లు రాశాక రాకుండా ఎలా ఉంటుంది? రైలింజన్‌లో బొగ్గేసే ఫైర్‌మన్ కూతురిని, నాకా తెలియవు రూల్సు!

క్వార్టర్‌కు చేరి పెట్టె తెరిస్తే, అమ్మ మంచి చీరలన్నీ అందులోనే ఉన్నాయి.

“చూడు నాన్నా, చీరల కోసమైనా వచ్చేస్తాది!”

“అచ్ఛా,” అని నాన్న మొహం తిప్పుకున్నాడు.

ఇక తిరిగి రానని తెలిసే అమ్మ అవి నాకోసం సర్దిందని, నా పెళ్లినాడు వాటిలో ఒకటి కట్టుకుంటుంటే గాని తెలియలేదు.