ఎడమ చేతి అంకెలు

తండ్రి చేత్తో కొట్టిన అంకెలను ఎమ్మెట్ వార్గా తెలిసే చెరిపాడా, పనిలో పడి మరిచి చెరిపాడా? ఇన్నేళ్ళు గడిచినా దీనికి జవాబు లేదు. అతని తమ్ముడు లైల్ ఈ ప్రశ్నను ఎటు తిప్పి చూసుకున్నా, రెండు పళ్ళేలూ సమానంగానే తూగుతాయి.

అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో ఇంజన్ల ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడిచిన కాలంలో వాళ్ళ నాన్న స్టీవ్ వార్గా చేసిన పని ఒక్కటే. వరసలో వచ్చే ప్రతి ఇంజన్ బ్లాకుకూ పైచదును కొసన, బొటనవేలంత జాగాలో, ఆనాటి తేదీ అచ్చు ఆనించి సుత్తితో కొట్టడం. ఆయనది ఎడమచేతి వాటం. అందుకని ఆయన కొట్టిన ప్రతి అంకెకూ ఎడమ అంచు లోతుగా దిగేది, కుడి అంచు మసకగా తేలేది. మేస్త్రీ ఎన్నిసార్లు గదమాయించినా ఆ చెయ్యి మారలేదు.

1970 మార్చి పన్నెండున భార్య ఆసుపత్రిలో నొప్పులు పడుతుంటే ఆయన షిఫ్టు ముగించుకునే వెళ్ళాడు. ఆ సాయంత్రం లైల్ పుట్టాడు. తర్వాత నెలన్నర పాటు స్టీవ్ సెలవు పూటలన్నీ కార్ల దుకాణాల చుట్టూ తిరిగి, అమ్మకానికి నిలబెట్టిన కొత్త షెవెల్ బళ్ళ బానెట్లు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. నాలుగో దుకాణంలో మార్చి పన్నెండు అచ్చు దొరికింది. సున్నా మూడు, ఒకటి రెండు. ఎడమ అంచు లోతు. బేరం కూడా ఆడకుండా కొన్నాడు. ఆయన వంగి చూస్తున్నంతసేపూ బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడింది పన్నెండేళ్ళ ఎమ్మెట్.

"నేను పుట్టిన రోజు ఇంజన్ ఏది నాన్నా?" అని అడిగాడట.

"నువ్వు పుట్టిన రోజు సమ్మెరా. ఒక్క ఇంజనూ బయటికి రాలేదు," అన్నాడట స్టీవ్.

ఆ ఇంట్లో పాతికేళ్ళకు పైగా నలిగిన జోకు అది. అందరితో పాటు ఎమ్మెట్ కూడా నవ్వేవాడు.

ఎమ్మెట్ పెరిగి పనివాడయ్యాడు. ఊరి ఉత్తరాన రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో బోరింగ్ మిషన్, మిల్లింగ్ మిషన్ పెట్టుకుని పాత ఇంజన్లకు ప్రాణం పోసేవాడు. కుడి చెవి సగం పోయింది. భార్య సామాను సర్దుకుని వెళ్ళిపోతున్న పూట కూడా కొలత పూర్తయ్యేదాకా తల ఎత్తలేదని చెప్పుకునేవారు. తండ్రి కారుకు ఆయిల్ మార్చింది, వాల్వులు సరిచేసింది, చలికాలం తుప్పు గీకింది అతనే. ఇరవై ఆరేళ్ళు చేశాడు. స్టీవ్ పోతూ పోతూ కారును లైల్‌కు ఇచ్చాడు. "ఆ అంకెలు వాడివి," అన్నాడు, అంతే. ఎమ్మెట్‌కు పనిముట్ల పెట్టె వచ్చింది. ఫ్యాక్టరీ పారేసిన పాత అంకెల అచ్చులు కూడా అందులోనే ఉన్నాయి.

పదేళ్ళు గడిచాయి. తండ్రి ఫ్యాక్టరీలోనే చేరిన లైల్‌ను పని లేదని ఇంటికి పంపేశారు. స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఆగస్టులో ఇటుక వీధి పొడవునా పాత కార్లు బారులు తీరే రోజొక్కటే అతను తల ఎత్తుకు తిరిగే రోజు. అక్కడా కోనీ అనే సాసేజ్ రొట్టెల దుకాణం ముందు, పాత ట్రక్కు నడిపే స్నేహితుడు బర్ల్ టాకెట్ పట్టుకున్నాడు.

"నీ బండిది చప్పుడు సింహం, నడక ఆవు," అన్నాడు బర్ల్, మూతికంటిన ఆవాల ముద్ద తుడుచుకుంటూ. "నిన్న సిగ్నల్ దగ్గర కిరాణా సామాను మోసుకెళ్ళే ముసలమ్మ నిన్ను దాటిపోయిందట కదా."

"ఆవిడకు తొందరేమో."

"కొత్త ఇంజన్ పెట్టెలో పెట్టి గుమ్మం ముందు దించుతున్నారు. పాతది పీకి పారేయ్. పొద్దున మొదలెడితే సాయంత్రానికి గుర్రం."

"అది పీకేస్తే కారు ఉంటుంది గానీ నాది కాదు," అన్నాడు లైల్.

బలం కావాలి, కానీ నాన్న కొట్టిన ఇంజన్‌లోంచే కావాలి. ఆ మాటే పట్టుకుని మరుసటి ఏప్రిల్‌లో అన్న షెడ్డుకు వెళ్ళాడు. ఎమ్మెట్ అంతా విని కాసేపు మెడ గోక్కున్నాడు.

"సిలిండర్లు కొంచెం వెడల్పు చెయ్యాలి. కొత్త పిస్టన్లు, ఎత్తు ఎక్కువున్న కామ్‌షాఫ్ట్. హెడ్లలో గాలి దారులు సాపు చెయ్యాలి. పైచదును ఆరు కాగితాల మందం కోస్తే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు చూడు, రోడ్డు మీద నూటికి నూరు పాళ్ళూ ఆడదానిలా కోపగించుకుంటుంది."

"నీకు ఆడవాళ్ళ కోపం సంగతి బాగా తెలుసులే."

"తెలియబట్టేగా ఒక్కణ్ణే ఉంటున్నా," అన్నాడు ఎమ్మెట్. ఇద్దరూ నవ్వారు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పైచదును కోసేటప్పుడు కత్తి కొసదాకా పోతే తేదీ అంకెలు కూడా లేచిపోతాయి. అంకెలు మిగలాలన్న బ్లాకు మీద ఎమ్మెట్ ముందే ఎర్ర సుద్దతో అడ్డగీత గీసి, కత్తిని ఆ గీత దగ్గర ఆపేవాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం లైల్ వెళ్ళేసరికి తన బ్లాకు కడిగి, మిషన్ బల్ల మీద బిగించి ఉంది. దాని మీద సుద్ద గీత లేదు. నోటిదాకా వచ్చిన మాటను లైల్ మింగేశాడు. ఆ అంకెలు కొట్టిన మనిషి కొడుక్కి అంకెలు జాగ్రత్త అని చెప్పడం అవమానం అనిపించింది. అన్న చేతులు మోచేతుల దాకా గ్రీజుతో నల్లగా ఉన్నాయి. కాసేపు బేస్‌బాల్ కబుర్లు చెప్పుకుని వచ్చేశాడు.

జూన్‌లో ఇంజన్ తయారైంది. తాళం తిప్పగానే షెడ్డు రేకులు అదిరాయి. పెడల్ తొక్కితే వీపు సీటుకు అంటుకుపోయింది. లైల్ ఊరి పొలిమేర దాకా పోయి తిరిగొచ్చి దిగాడు.

"నాన్న ఉంటే భయపడి గుండెల మీద సిలువ గుర్తు వేసుకునేవాడు," అన్నాడు.

ఎమ్మెట్ బానెట్ దించాడు. అతని కుడి బొటనవేలి గోరు నేరేడుపండులా కమిలి ఉంది.

"అదేంటి, సుత్తి పట్టడం మరిచిపోయావా?"

"వయసు," అన్నాడు ఎమ్మెట్, చెయ్యి జేబులో పెట్టుకుంటూ.

బ్లాకంతా కొత్త నారింజ రంగు వేసి ఉంది. అంకెల మీద కూడా. నాన్న అక్కడ ఎప్పుడూ రంగు వేయనిచ్చేవాడు కాదు. తుప్పు పట్టకుండా వేశానన్నాడు ఎమ్మెట్. ఆ వేసవంతా లైల్ సిగ్నళ్ళ దగ్గర ఎవరినీ ముందుకు పోనివ్వలేదు. బర్ల్ తన ఓటమికి పరిహారంగా రెండుసార్లు కోనీలు తినిపించాడు.

ఇటుక వీధి పండగ నాటి ఉదయం, ఏటా చేసినట్టే, లైల్ కిరసనాయిల్ గుడ్డతో అంకెల చోటు తుడిచాడు. రంగు ఊడి వచ్చింది. సున్నా మూడు, ఒకటి రెండు. అన్నీ ఉన్నాయి. అలవాటు కొద్దీ వేలితో తడిమాడు. కుడి అంచులు లోతుగా ఉన్నాయి. ఎడమ అంచులు వేలికి తగలనే లేదు.

పండగకు వెళ్ళలేదు. నేరుగా షెడ్డుకు పోనిచ్చాడు. బయట ఎమ్మెట్ ట్రక్కు నిండా పెట్టెలు, పైన టార్పాలిన్, తాళ్ళు. ఉత్తరాన చేపల వేటకు పోతున్నాడు కాబోలు అనుకున్నాడు లైల్. లోపల రేడియో మోగుతోంది. మిషన్లకు గుడ్డలు కప్పి ఉన్నాయి.

"అవి నాన్న కొట్టినవి కావు," అన్నాడు లైల్.

ఎమ్మెట్ వినిపించే చెవి ఇటు తిప్పాడు. "అచ్చులు నాన్నవే."

"చెయ్యి నాన్నది కాదు."

"చదును వంకరపోయి ఉంది లైల్. బలం కావాలన్నావు. ఇచ్చాను."

"కత్తి ఆపొచ్చుగా. బర్ల్ గాడి తుక్కు ట్రక్కుకు కూడా సుద్ద గీశావు."

"నీ దాని మీద గీత లేదని చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నీకు చెప్పాలా ఎమ్మెట్? నీకు?"

"నిజమే. నాకు ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు. బానెట్ ఎత్తి పట్టుకుంటే చాలు." గొంతు పెంచలేదు. వాతావరణం గురించి చెప్పినట్టే అన్నాడు.

"ఒక్కటి చెప్పు. మరిచిపోయావా, కావాలని చేశావా?"

ఎమ్మెట్ తమ్ముడి ముఖంలోకి చూశాడు. "ఏదనుకుంటే నీకు నిద్ర పడుతుందో అదే అనుకో," అన్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి, ఇసుక సబ్బుతో గోళ్ళ సందుల్లో కూడా రుద్ది చేతులు కడుక్కున్నాడు. టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. సిగరెట్టుకని అనుకున్నాడు లైల్.

ఎదురుచూస్తూ బల్ల మీద చెయ్యి ఆనించాడు. నూనె గుడ్డ కింద గట్టిగా ఏదో తగిలింది. వేరే ఏదో పాత బ్లాకు నుంచి కోసిన ఇనప ముక్క. దాని నిండా అవే అంకెలు, వరస కింద వరస. మొదటి వరసలు తాగినవాడు కొట్టినట్టు చెదిరి ఉన్నాయి. సుత్తి గురి తప్పిన గుంటలు. కిందికి వచ్చేకొద్దీ ఎడమ అంచు లోతు దిగుతూ వచ్చింది. కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో కొట్టిన దెబ్బలవి. చివరి వరస సగంలో ఆగిపోయింది. అక్కడ ఇనుము మీద ఎండిన నెత్తుటి మరక.

కమిలిన ఆ గోరు. దాన్ని తాను మొదట చూసింది ఎప్పుడు? ఇంజన్ అందుకున్న జూన్‌లోనా? లేక మే నెలలో, కత్తి తగలని నాన్న అంకెలు ఇంకా బ్లాకు మీద ఉన్న ఆ మధ్యాహ్నమే, గ్రీజు కింద అది అప్పటికే కమిలి ఉందా? కోయకముందు సాధన చేశాడంటే తెలిసి చేసిన పని. కోశాక చేశాడంటే చేసిన తప్పును సరిదిద్దుకోవాలని పడిన పాటు. లైల్ కళ్ళు మూసుకుని ఆ మే మధ్యాహ్నాన్ని గుర్తు తెచ్చుకోబోయాడు. గ్రీజు తప్ప ఏమీ కనపడలేదు.

బయట ట్రక్కు స్టార్టయిన చప్పుడు. ఇనప ముక్క చేత్తో పట్టుకుని లైల్ గుమ్మంలోకి వచ్చేసరికి అది పట్టాలు దాటుతోంది. పెట్టెల మీద టార్పాలిన్ గాలికి ఒకసారి లేచి పడింది; కింద పరుపు చుట్ట, వంట సామాను. షెడ్డు తలుపు తీసే ఉంది, రేడియోలో బేస్‌బాల్ ఆట మూడో ఇన్నింగ్స్‌లో ఉంది. ఎమ్మెట్ హారన్ కొట్టలేదు, చెయ్యి బయట పెట్టలేదు. మలుపు దగ్గర ఒక్క క్షణం బ్రేకు దీపాలు వెలిగి, ఆరిపోయాయి.