హనుమక్క బీడు

పార్కులో తోటమాలి గొర్రె ఎరువు చల్లి నీళ్లు పెడుతున్నాడు. తడిసిన ఎరువు ఘాటు ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండింది. ఈ నేల మీద గొర్రెలు లేకుండా చేసి, పచ్చిక కోసం వాటి ఎరువునే ఎక్కడినుంచో బండ్ల మీద తెప్పించుకుంటున్నారు. ఇది హనుమక్క బీడు. ఆమె ఎవరో ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్లకు తెలియదు.

1960ల మొదట్లో నేను అనంతపురంలో ఒక దినపత్రికకు విలేకరిని. బుక్కరాయసముద్రం దారిలో ఉన్న ఒక బీడును పార్కు కోసం తీసుకుంటున్నామని, దండోరా వేయించినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదని మున్సిపల్ ఆఫీసులో చెప్పారు. అదే రాసి పంపాను. వానలు పడ్డాక ఒక పొద్దున, భుజాన గొంగడితో, మా అమ్మ వయసున్న హనుమక్క వచ్చి మా ఇంటి గుమ్మంలో నిలబడింది.

“పేపర్లో రాసేది నువ్వేనా అప్పా? మా బీడు పోతాంటే మేము ఊరికే ఉన్నామని రాసినావంట.”

“దండోరా వేశారు కదక్కా.”

“ఎండాకాలం మేము ఈడ యాడుంటాము? గడ్డి ఉండే తావుకు మంద తోలుకొని పోతాము. నువ్వు యాడ నిలబడి రాసినావు?”

“మున్సిపల్ ఆఫీసులో.”

“ఆడ గొర్రెలు ఉండాయా?”

ఏటా ఆ మందలు వెళ్లేది ఆ ఆఫీసు ముందు రోడ్డు మీదుగానే. వాళ్లు ఊళ్లో లేని నెలలు చూసుకొని దండోరా వేయించినవాళ్లకు ఆ సంగతి తెలియదంటే నేను ఈనాటికీ నమ్మను.

ఆమెను వెంటబెట్టుకొని ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా తల ఎత్తలేదు. గడువు దాటిపోయింది, పరిహారం ఇస్తాం కదా అన్నాడు. “దుడ్ల మీద గొర్రెలు మేస్తాయా సామీ?” అంది హనుమక్క. అతను ఫైలు తిప్పి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదనడానికి రుజువుగా అంటించి ఉన్న కాగితం ముక్క ఒకటి నాకు చూపించాడు. అది నా వార్తే.

“ఏందప్పా అది?” అంది చదువు రాని హనుమక్క.

“నేను రాసిందే అక్కా.”

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తిన్నగా బీడుకు తీసుకుపోయింది. మంద దిగే చోట నేలంతా వానకు తడిసిన పాత గొర్రె పెంటికలు, చెప్పులు దిగబడేంత మందాన. “ఈడికొచ్చి చూసింటే, మేము ఉండామని ఇవే చెప్పిండేవి కదప్పా,” అంది. ఆ ఏడే మంద అమ్మేసి, కంబదూరులో కూతురి దగ్గరికి పోయింది. నేను తప్పు ఒప్పుకుంటూ రాసిన వార్తను మా పత్రిక వేయలేదు.

తర్వాత ఎందరో కుర్ర విలేకరులు నా బల్ల ముందుకు వార్తలు తెచ్చారు. “ఎవరూ అభ్యంతరం చెప్పలేదు” అన్న మాట కనబడితే కాగితం వెనక్కి తోసి, ఆమె యాసలోనే అడిగేవాణ్ణి: “నువ్వు యాడ నిలబడి రాసినావు?” కొందరు నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు.

గేటు మీద “పశువులను లోనికి తోలరాదు” అని బోర్డు ఉంది. రోజూ దాని పక్కనుంచే నడుస్తాను. లోపల బెంచీ మీద ఒక్కనాడూ కూర్చోలేదు.