ఒక్కసారే నడవాల్సిన స్క్రిప్టు

మా ముత్తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు. తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులు. కోనసీమలో ఆయన ఎదుట కుర్చీలో కూర్చున్నవాళ్ళు తక్కువ. నేను తార్నాకలో అద్దెగదిలో ఉంటూ యూనివర్సిటీ హాస్టళ్ళ వైఫై రౌటర్లు చూసే కాంట్రాక్టు ఉద్యోగిని. అయినా క్యాంపస్‌లో నన్నెవరూ ఏకవచనంలో పిలవలేదు. పిలవనివ్వలేదు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసులు ముళ్ళకంచె వేశారు. మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి గాలి తిరిగితే బాష్పవాయువుకు కళ్ళు మండేవి. నేను నోరు విప్పగానే నాది ఏ ప్రాంతమో తెలిసిపోయేది.

ఆ నెలలోనే రౌటర్లన్నిటికీ నేను తయారుచేసిన కొత్త ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కించాను. అందులో ఒక చిన్న స్క్రిప్టు, నాలుగు ఆదేశాల పట్టీ, ఉంది. రౌటర్ మొదటిసారి ఆన్ అయినప్పుడు వైఫై పేరు, పాస్‌వర్డ్ లాంటివన్నీ అదే రాసిపెడుతుంది. పని సవ్యంగా ముగిస్తే ఫర్మ్‌వేర్ దాన్ని చెరిపేస్తుంది. ఆపైన విద్యార్థులు తమ ఇష్టప్రకారం మార్చుకోవచ్చు.

బంద్ రోజు మధ్యాహ్నం నలుగురు విద్యార్థులు క్యాంపస్‌లోని నా ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు.

"సార్, కరెంటు పోయొచ్చినప్పుడల్లా మా పాస్‌వర్డ్ పోతున్నది. మల్ల మీరు పెట్టిందే వస్తున్నది. ఏంది కథ?" అన్నాడు పొడుగాటి అతను.

"మీరే ఏదో మార్చి ఉంటారు."

"మేం మార్చింది నిలుస్తలేదనే గద చెప్తున్నం!"

"గేటు కాడ పోలీసోళ్ళు, లోపట ఆంధ్ర సారు. రెండు దిక్కులా బందే!" అన్నాడు వెనకనుంచి ఒకడు. ముగ్గురు నవ్వారు. పొడుగాటి అతను నవ్వలేదు.

"కావాల్నని చేస్తున్నరని హాస్టలంతా అంటున్నది సార్. ఇప్పుడే తేల్చుండ్రి. లేకుంటే రేపటి సంది గీడికి రాకుండ్రి."

బల్లమీది రౌటర్ తీగ పీకి మళ్ళీ పెట్టాను. దాని దీపాలు వెలిగాక ల్యాప్‌టాప్‌కి కలిపాను. లోపల చూస్తే, చెరిగిపోవాల్సిన స్క్రిప్టు అక్కడే ఉంది. దాని చివరి వాక్యం ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కోసం రాసింది. ఆ ప్యాకేజీని ఫర్మ్‌వేర్‌లోంచి నేనే తీసేసి, వాక్యాన్ని మరిచిపోయాను. అది ప్రతిసారీ విఫలమవుతుంది కాబట్టి స్క్రిప్టు చెరగదు. కరెంటు వచ్చినప్పుడల్లా మళ్ళీ నడిచి, వాళ్ళు పెట్టుకున్నవాటిపై నావి రాస్తోంది. ఇంతకుముందే ఎవరైనా ఏమైనా పెట్టుకున్నారా అని స్క్రిప్టు చేత ఒక్క వాక్యంతో అడిగించి ఉంటే ఇంత జరిగేది కాదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

తప్పును కరెంటు మీద నెట్టేయవచ్చు. వాళ్ళకు తెలిసే దారి లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తప్పు నాది," అన్నాను. అలా అనడానికి కుర్చీలోంచి లేచాను.

పొడుగాటి అతను తలుపు వదిలి నా బల్ల దగ్గరకు వచ్చాడు. "గా మాట ముందే అనొచ్చు గద సార్. రేపు రాండ్రి. మా బ్లాకు నుంచి మొదలువెట్టుండ్రి."

ఆ వారం అన్నయ్య ఫోన్ చేశాడు. గొడవల్లో ఉండలేక ఊరికి వెనక్కి వస్తావేమోనని మా కొబ్బరితోట అమ్మకం బేరం ఆపానన్నాడు. రానన్నాను. తోట రెండెకరాలూ పక్క రైతుకు అమ్మేశాం.