మూడో మనిషికి ఖాళీ చోటు

పాల ప్యాకెట్టు తీసుకుందామని తలుపు తీసి వంగినప్పుడు మా పక్కింటి బోర్డుల పెయింటరుకి నడుముకున్న తువ్వాలు జారిపోయింది. మెట్ల మీద ఎవరూ లేరు. ఆయన తువ్వాలు చుట్టుకుని, పాలు తీసుకుని లోపలికి వెళ్లాడు. తొమ్మిదింటికల్లా భవనంలోని పద్దెనిమిది ఇళ్లకూ సంగతి తెలిసింది. మెట్ల దగ్గర కొత్తగా పెట్టిన కెమెరా చూసిందల్లా అందరి ఫోన్లలోకీ వస్తుంది మరి.

ఆయన నొచ్చుకోలేదు. ముప్పయ్యేళ్లుగా నిచ్చెన మీద బతికినవాడు. కింద నుంచి జనం చూడటం కొత్త కాదు. పగలు కూనిరాగం తీస్తూ పెద్దక్షరాలు రాస్తాడు, సాయంత్రం చేతులకు కిరసనాయిలు రుద్దుకుని, కలిసుండే అక్క ఇచ్చిన టీ తాగుతాడు. అంతటితో ఆయనకు లోకం నిండుగా ఉంటుంది. బాధల్లా ఆ అక్క గురించే. మోకాలి ఆపరేషనయ్యాక రోజుకు పదిసార్లు మెట్లెక్కి దిగమన్నాడు డాక్టరు. కెమెరా వచ్చినప్పటి నుంచి ఆమె గడప దాటలేదు.

"నా కుంటినడక అందరూ చూడాలా తమ్ముడూ?" అంది. కాలు బిగుసుకుపోతోంది.

కెమెరా తిప్పించమని భవనం సెక్రటరీని అడిగాడు. ఆయన అందరికీ బాబాయే. తప్పు చేయనివాళ్లకు భయమెందుకన్నాడు; పైగా కెమెరా ఉందని అక్కడి గోడ మీద హెచ్చరిక పెట్టమన్నాడు.

"రాతలెవడు చదువుతాడు? బొమ్మ వెయ్. చూడగానే తెలియాలి."

పెయింటరు మాట జవదాటలేదు. ఫోన్లో పడ్డ దృశ్యాల మీద గళ్లు గీసుకుని, గోడ మీద అవే గళ్లు పెద్దవి చేసి, నిలువెత్తున వేశాడు. మొదట తననే, తువ్వాలు నేల మీద, పాల ప్యాకెట్టు అదృష్టవశాత్తూ ఉండాల్సిన చోట. పక్కన, ఎదురింటివాళ్ల పేపరు చదివేసి, మడత చెదరకుండా వాళ్ల తలుపు దగ్గర పెడుతున్న బాబాయి. ఆ పక్కన గళ్లు మాత్రం గీసి, మూడో మనిషికి చోటు వదిలాడు.

ఒక రోజంతా భవనం నవ్వింది. రెండో రోజు, ఆ ఖాళీలో వేసేదెవరినని ఒక్కొక్కరే వచ్చి మెల్లిగా ఆరా తీశారు. నేనూ వెళ్లాను, ఎందుకో అడక్కండి. సాయంత్రమే మీటింగు పెట్టి కెమెరాను వీధి గేటు వైపు తిప్పించారు. మర్నాడు అక్క పదిసార్లూ ఎక్కి దిగింది, బొమ్మ దగ్గర ఆగి ఆగి నవ్వుకుంటూ.

బాబాయి మాత్రం పెయింటరును మెట్ల మీదే నిలదీశాడు, తన పొట్ట మరీ అంత ఉంటుందా అని.

"తగ్గించే వేశాను బాబాయ్, అనుమానముంటే అందరం కూర్చుని రికార్డింగు చూద్దాం."